కోపం లేని మనిషికి బీపీ

మా వీధిలో నా కోపానికి ఒక పేరుంది. మంచి పేరు కాదు. పాలు పోసే ఆవిడ మా గడప దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తుంది. కరెంటు మీటరు చూసే మనిషి బిల్లు కాగితం కిటికీలో పెట్టేసి, పక్కింటి ముందుకు పోయాక కేకేస్తాడు, "బిల్లు పెట్టినానన్నా" అని. మా బావమరిదైతే నా ముందే అంటాడు, అరిచే కుక్క కరవదులే అని. అప్పుడు వాడి మీదా అరుస్తాను. వాడన్నది నిజమే, ఇంతవరకూ నేను ఎవరినీ కరిచింది లేదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబం మాది. ఒకసారి పట్టుకు రంగు వేసే అద్దకం ఆయన నేను వంకాయ రంగు అడిగితే ద్రాక్షపండు రంగు వేసి ఇచ్చాడు. రెండూ ఒకటే కదప్పా అన్నాడు. వంకాయకూ ద్రాక్షకూ తేడా తెలియని మనిషి అద్దకం ఎందుకు పెట్టుకున్నాడో అడగాలి కదా, అడిగాను. వీధి చివరి వరకూ వినిపించేలా అడిగాను. ఇంటికి వచ్చేసరికి తల దిమ్మెక్కింది, గోడ పట్టుకుని కూర్చున్నాను. మా వీధిలో సూదులు వేసే డాక్టరు వచ్చి చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ ఉందన్నాడు. మాత్రలు రాసిచ్చి, అసలు మందు మాత్రం కోపం తగ్గించుకోవడమేనని ఇంట్లో అందరి ముందూ చెప్పి పోయాడు.

అందరూ తలలూపారు. వాళ్లకు ముందే తెలిసిన సంగతిని ఒక చదువుకున్నవాడు ఇప్పుడు ఖాయం చేశాడంతే. మా వైపు బీపీ అంటే కోపమనే అర్థం. ఫలానా ఆయనకు బీపీ ఎక్కువ అంటే ఆయనతో పెట్టుకోవద్దని హెచ్చరిక. నాకు బీపీ అన్నందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఇన్నాళ్లు ఎందుకు రాలేదా అని అనుకున్నట్టున్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కొత్త ఆచారం మొదలైంది. ఏం జరిగినా నాకు చెప్పకూడదు. చెబితే కోపం వస్తుంది, కోపం వస్తే బీపీ లేస్తుంది, బీపీ లేస్తే నేను పోతాను. కొడుకు బండి మీద నుంచి పడి మోకాలు దోక్కుపోతే, నాకు కనపడకుండా పాదాల దాకా లుంగీ కట్టుకుని తిరిగాడు. కొత్తచెరువులో మా మామ చేనిలో బోరు ఎండిపోయిన సంగతి నాకు టీ అంగట్లో తెలిసింది. టీవీలో నలుగురు కూర్చుని రాజకీయం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు పాటలు పెట్టేవారు. వాన పడలేదన్న మాట ఒక్కటే దాచలేకపోయారు, అది ఆకాశమే చెప్పేస్తుంది కదా.

మందు విషయంలో నా లెక్క నాది. కోపం వల్ల వచ్చే జబ్బయితే కోపం వచ్చే రోజు వేసుకుంటే చాలు కదా అనుకున్నాను. అద్దకం ఆయన దగ్గరికి పోయే ముందు ఒక మాత్ర. చీరలు తీసుకునే షావుకారి దగ్గరికి పోయే ముందు ఒకటి. అమావాస్యకు మగ్గం ఆపుతాం, ఆ రోజు ఎవరితోనూ పని ఉండదు, కాబట్టి మాత్రా ఉండదు. వాన వస్తుందనిపిస్తేనే గొడుగు పట్టుకుపోయినట్టు వాడాను మందును. ఇంకా చెప్పాలంటే, నేను ఎంత పొదుపుగా, ఎంత తెలివిగా వాడుతున్నానో అని నలుగురికీ చెప్పుకునేవాణ్ణి. వీధిలో ఇంకో ఇద్దరు నా పద్ధతిలోకి మారారు కూడా.

ఇక ఆమె గురించి చెప్పాలి. ఆమె అంటే నా భార్య. కొత్తచెరువు మా మేనమామ కూతురు, నన్ను బావా అనే పిలుస్తుంది. మాది గుంత మగ్గం, కాళ్లు గుంతలోకి దించి ఇద్దరు కూర్చుని నేసేది. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకో రంగు ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట పోగును పోగుతో మెలేసి నేయాలి. పోగును అటూ ఇటూ మోసుకుపోయేది నాడె. ఒంటి రంగు నాడె నాది, కుడి పక్కన అంచు నాడె ఆమెది. నేను విసరాలి, ఆమె అందుకుని మెలేసి తన నాడె విసరాలి, మళ్లీ నేను. ఒకరు ఆగితే రెండోవాళ్లు ఆగాల్సిందే. పెళ్లయిన ఏటి నుంచి మేమలా పక్కపక్కనే కూర్చుని ఉన్నాం.

ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. గుంతలో పాము కనిపించినప్పుడు కూడా "పాముండాది, కాలు పైకి తియ్యి" అని, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా చెప్పిన మనిషి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ లెక్కన ధర్మవరం మొత్తం ఆమెకు చుట్టాలే. నేను ఎవరితోనైనా పోట్లాడి వస్తే మర్నాడు ఆమె ఆ వీధిలో పోయి రెండు మాటలు మాట్లాడి వచ్చేది, అంతటితో ఆ గొడవ అయిపోయేది.

నాకు ఉప్పు తగ్గించమన్నారని నా కూర వేరే గిన్నెలో చప్పగా వండేది. ఆ ఏటి మామిడికాయ ఊరగాయ జాడీ నిండుగా ఉంది. నేను తినకూడదు, కొడుకుకు హోటల్లో ఉగ్గాని, బజ్జీ ఉంటే ఇల్లే గుర్తు రాదు, పారేయడానికి ఆమెకు మనసొప్పదు. సంగటి ముద్దలో గుంత చేసుకుని ఆ ఊరగాయ వేసుకుని, పక్కన వేయించిన ఊరమిరపకాయలు పెట్టుకుని, నా వంతు కూడా ఆమే తినేది. నేను నా చప్పటి కూర తింటూ ఆమె విస్తరి వైపు కుళ్లుకుంటూ చూసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆమె తలకు తువ్వాలు బిగించి కట్టుకుని మగ్గం మీదికి రావడం మొదలుపెట్టింది. ఏమైందంటే ఎండ అనేది. మా జిల్లాలో ఎండ అన్నాక ఎవరూ మారు ప్రశ్న వేయరు. అంచు దగ్గర ఆమె చెయ్యి నెమ్మదించింది. రోడ్డు పక్కన పరుచుకుని కళ్లద్దాలు అమ్మే ఆయన దగ్గర ఒక జత తెచ్చుకుంది. కొన్నాళ్లకు అవి మార్చి ఇంకో జత తెచ్చుకుంది. పట్టు నేసే వాళ్లకు కళ్లు మసకబారడం కొత్తేమీ కాదు, మేము అంతే అనుకున్నాం. అంచులో పోగు జారినప్పుడు నేను అరిస్తే ఏమీ అనకుండా విప్పి, వేళ్లతో తడుముకుని మళ్లీ వేసేది.

ఇంటిల్లిపాదీ నా ప్రాణానికి కాపలా కాస్తుంటే, ప్రమాదంలో ఉన్న ప్రాణం నా కుడి పక్కన కూర్చుని అంచు నేస్తోంది.

ఒకరోజు పొద్దున మా వార్డు సచివాలయం నుంచి నర్సమ్మ వచ్చింది. బీపీ మిషను సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. నన్ను గోడకు ఆనుకుని కూర్చోమంది, కాళ్లు కిందికి ఆనించమంది, కాసేపు మాట్లాడొద్దంది. మొదటి రెండూ చేశాను. మూడోది నాకు కష్టం, అయినా ఓర్చుకున్నాను. చూసి, బాగా ఎక్కువగా ఉందే, మాత్రలు ఎలా వేసుకుంటున్నావని అడిగింది. నా పద్ధతి వివరంగా చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"కోపమొచ్చిన పొద్దు వేసుకునేది కాదన్నా అది" అంది ఆమె. "దినామూ వేసుకోవల్ల. బాగుండాది గదా అని నిలిపేది గూడా కాదు."

నాకు మండింది. నా కంటే చిన్న వయసు, నా ఇంటి అరుగు మీద కూర్చుని నాకే చెబుతోంది. ఆ రోజు ఎవరితోనూ గొడవ లేదు, అద్దకం వైపే పోలేదు, నిద్ర లేచి కాఫీ తాగి కూర్చున్న మనిషికి ఎక్కువ ఎందుకు ఉంటుంది? తప్పు మిషనుదే అయి ఉండాలి. ఆ మాటే అన్నాను. ఆమె కాదంది. నేను ఔనన్నాను. పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. ఇక ఆ పంతం గెలవడానికి నాకు ఒక్కటే దారి తోచింది. వంటింట్లో ఉన్న నా భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాను.

"ఇదో, ఈమెకు పెట్టు" అన్నాను. "కోపమంటే ఏందో దీనికి తెల్దు. దీనికి గూడా ఎక్కువ చూపిచ్చిందంటే నీ మిషను చెడిపోయినట్టే లెక్క."

పొయ్యి మీద పాలున్నాయి, నాకెందుకు వదలమని నా భార్య నవ్వుతూనే ఉంది. నర్సమ్మ కూడా నవ్వుతూనే పట్టీ చుట్టింది. మిషను కాసేపు బుసబుసమని ఆగింది. అంకెలు నాకూ కనబడ్డాయి. పైది నూట తొంభై దాటి ఉంది. నాకంటే చాలా ఎక్కువ. చూశారా, చెప్పలేదా అని నేను పక్కింటి వాళ్ల వైపు తిరిగి చేతులు చరిచాను. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

నర్సమ్మ మాత్రం నవ్వడం మానేసింది. నా మాట వినిపించుకోలేదు. కాసేపు ఊరికే కూర్చోనిచ్చి, రెండో చేతికి చుట్టి చూసింది. మళ్లీ మొదటి చేతికి చూసింది. తర్వాత పట్టీ విప్పి తన చేతికే చుట్టుకుని, అంకెలు నాకు కనబడేలా మిషను నా వైపు తిప్పి పెట్టింది. ఆమెకు సరిగ్గా ఉండాల్సినంతే ఉంది.

"మిషను బాగానే ఉండాదన్నా" అంది నెమ్మదిగా. ఆ తర్వాత నా భార్య వైపు తిరిగి, "అక్కా, తల నొస్తాందా? కండ్లు మసకగా ఉండాయా?" అని అడిగింది.

నా భార్య జవాబు చెప్పే ముందు నా వైపు చూసింది. నాకు తెలియకూడదనుకున్న సంగతిని నా ముందే అడిగారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. తర్వాత తలూపింది.

ఈ పొద్దే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది నర్సమ్మ. నా నోట మాట రాలేదు. నా నోట మాట రాకపోవడం మా వీధి వాళ్లు ఎన్నడూ చూడని వింత. పొయ్యి మీద పాలు పొంగిపోయిన వాసన వస్తోంది. ఎవరో లోపలికి పోయి దింపారు. ఆటో ఎక్కాక నా భార్య మాట్లాడింది ఒక్కటే, చీర సగంలో ఉండాది బావా అని. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలిచ్చి పడుకోబెట్టి, రక్తం, మూత్రం పరీక్ష చేయించింది, గుండెకు తీగలు పెట్టి చూసింది. కంటి డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన దీపం వేసి చూసి, కంటి వెనక రక్తనాళాలు బీపీకి దెబ్బతిన్నాయని, అద్దాలు ఎన్ని మార్చినా అందుకే లాభం లేకపోయిందని చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేసి ఉంటే చూపైనా పోయేదని, కాలూ చెయ్యైనా పడిపోయేదని డాక్టరమ్మ అంది. నేను ఒకే మాట పట్టుకున్నాను. ఈమెకు కోపమే రాదమ్మా, ఎట్ల వస్తాది బీపీ అని. ఆమె ఓపికగా చెప్పింది. కోపంలో బీపీ లేస్తుంది, కోపం పోగానే దిగుతుంది. ఈ జబ్బు అది కాదు. ఇది నెమ్మదస్తులకూ వస్తుంది, అరిచేవాళ్లకూ వస్తుంది. వంశంలో ఉంటే వస్తుంది, ఉప్పు ఎక్కువైతే వస్తుంది, వయసుతో వస్తుంది. చాలామందికి ఏ గుర్తూ కనిపించదు, కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

వంశం అనగానే నాకు మా అత్త గుర్తుకొచ్చింది, అంటే నా భార్య తల్లి. చెనిక్కాయలు వలుస్తూ వలుస్తూ ఒక పక్కకు ఒరిగిపోయి మళ్లీ మాట్లాడలేదు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు. బీపీ అని ఎవరూ అనలేదు, ఆవిడా కోపం తెలియని మనిషే కాబట్టి. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. నా పక్కన మడకశిర నుంచి గొర్రెల కాపరి ఎవరో తన తండ్రిని తెచ్చుకుని ఉన్నాడు, ఏం చెప్పాలో తెలియక తన సంచిలోని నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. ఆ మనిషి చల్లగా ఉండాలి.

ఇంటికి వచ్చాక ఇంకో తంటా. రెండు వారాలు మందు వాడి తలనొప్పి తగ్గగానే ఆమె మాత్రలు చాలనింది. ఒకసారి అలవాటైతే బతుకంతా మింగాల్సిందేనట, ఎదురింటామె చెప్పిందట. నేను అరవబోయి ఆగాను. అరిచి ఆమెను ఒప్పించిన రోజు మా కాపురంలో ఒక్కటీ లేదు. నువ్వు ఏం చేస్తే వేసుకుంటావో చెప్పమన్నాను. ఆమె నా మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు దినామూ వేసుకుంటే నేనూ వేసుకుంటా" అంది.

అలా నేను బాగా ఇరుక్కున్నాను. అప్పటి నుంచి పొద్దున పళ్లు తోముకోగానే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాత్రలు వేసుకుంటున్నాం, అమావాస్యకు కూడా. గొడవ ఉన్న రోజే మాత్ర అనే నా పద్ధతి ఎత్తిపోయింది, దాన్ని నేర్చుకున్న ఆ ఇద్దరినీ పిలిచి తిట్టి మాన్పించాను. వంట ఒకే గిన్నెలో, ఇద్దరికీ ఒకే ఉప్పు. ఊరగాయ జాడీని మా బావమరిది ఎత్తుకుపోయాడు, వాడికీ బీపీ కొలిపించాకే ఇచ్చాను. ఎండ తగ్గాక చెరువు కట్ట దాకా నడుస్తాం, నీళ్లు లేకపోయినా గాలి ఉంటుంది. నర్సమ్మ నెలనెలా వస్తుంది. ఆమె వచ్చే రోజు నేను గట్టిగా నోరు మూసుకుని, కాళ్లు నేలకు ఆనించి కూర్చుంటాను. పోయేటప్పుడు ఆమెకు దండం పెడతాను, ఆమె వద్దంటుంది, అయినా పెడతాను. ఆ రోజు నా పంతానికి ఆమె మొహం మాడ్చుకుని వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఊరు ఊరంతా తిట్టిన నా కోపానికి కూడా ఒక దండం. జన్మలో అది చేసిన మేలు ఆ పొద్దు నా భార్యను అరుగు మీద కూర్చోబెట్టడం ఒక్కటే, ఇంకేమీ చేయకపోయినా ఫరవాలేదు.

నెలలు గడిచే కొద్దీ నా భార్య చూపు చాలావరకు తేరుకుంది. మొత్తం రాలేదు, సన్నపోగులకు దీపం దగ్గరగా పెట్టుకోవాలి. ఒక మధ్యాహ్నం మగ్గం మీద ఉండగా, అంచు ఇప్పుడు బాగా కనిపిస్తోందని తనలో తాను అనుకున్నట్టు అంది. ఇంతకు ముందు ఎంత కనిపించేదని అడిగాను.

"కనపడ్తానే లేకుండె బావా. చేత్తో తడుముకోని వేస్తాంటి."

"మల్ల నాతో ఎందుకు చెప్పల్యా?"

"చెప్తే నీకు బీపీ లేస్తాదంటిరి గదా అందరూ" అంది నాడె వైపే చూస్తూ. "నీకేమన్నా అయితే నాకెవరుండారు?"

నా చెయ్యి ఆగిపోయింది. కళ్లు పోతున్నా ఈ మనిషి నోరు మెదపలేదు, నేను బతకాలని. నాకు దుఃఖం వచ్చింది, సిగ్గు వచ్చింది, ఇంత ప్రేమ నా మీద ఎందుకా అని ఆశ్చర్యం వేసింది. నాకు కూడా నువ్వు తప్ప ఎవరున్నారు అని అనాలనుకున్నాను, సగమే బయటికి వచ్చింది. ఆమెకు అర్థమైంది.

ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి, ఇక నా దగ్గర ఏదీ దాచొద్దని చెప్పాను. నా బీపీకి మాత్ర ఉంది, మీ మౌనానికి మందు లేదు అన్నాను. అలా అన్నందుకు తగిన శాస్తే జరిగింది. కొడుకు ఇన్నాళ్లు దాచినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి బయటపెట్టాడు, బండి పడిన సంగతి మొదలుకుని. నేను తనివితీరా అరిచాను. పాలావిడ గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది.

మొన్న వేసవిలో, ఒక రోజు పొద్దున చీర కొంగు మొదలుపెట్టాం. నేను నాడె విసిరాను. అటు నుంచి ఆమె నాడె రాలేదు. చూస్తే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"బావా, నాకి తల నొస్తాండాది" అంది.

నేను గుంతలో నుంచి ఒక్క ఊపున లేచాను. చొక్కా వేసుకోకుండానే ఆమెను నడిపించుకుని సచివాలయానికి పోయాను. నర్సమ్మ కాసేపు కూర్చోబెట్టి చూసింది. బీపీ బాగానే ఉంది. ముందు రోజు ఒక్కపొద్దు ఉండి ఎండలో తిరిగినందుకు వచ్చిన ఉత్త తలనొప్పి, నీళ్లు తాగి, ఏమైనా తిని పడుకుంటే పోతుందంది. బయటికి వచ్చాక నా భార్య చిన్నబుచ్చుకుని, ఊరికే మగ్గం నిలిపిస్తినే అంది. ఎండలో ఆమె చెయ్యి పట్టుకుని, చొక్కా లేకుండా, మా వీధి అంతా చూస్తుండగా ఇంటికి నడిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో తనకు నొప్పిగా ఉందని ఆమె నాతో చెప్పింది అదే మొదటిసారి.